మూడో వరసలో కళ్ళజోడు

సెప్టెంబర్ 4

వదిన గారికి,

నమస్కారం. ఫోన్లో నేను "ఊ", "ఆ" తప్ప ఏమీ మాట్లాడటం లేదని, చెప్పాలనుకున్నది ఉత్తరంలో రాయమని మీరే అన్నారు. రాస్తున్నాను.

బాగానే ఉన్నాను. పొద్దున్నే నడుస్తున్నాను. వండుకుంటున్నాను. ఎంత తక్కువ వేసినా ఇద్దరికి సరిపడా వస్తోంది. అలవాటవుతుంది.

కాలేజీల బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైంది. మా అమ్మాయిలు మొదటి రెండు ఆటలూ ఓడిపోయారు. నిజానికి ఈ ఏడు జట్టు మంచిది. కెప్టెన్‌ని అందరూ పొట్టి అంటారు. ఆ పిల్ల చేతిలో బంతి పడితే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా ఓడిపోతున్నాం.

ఒక చిన్న పని. మీ చెల్లెలు పోయాక ఇల్లు సర్దినప్పుడు తన వస్తువులు కొన్ని మీరు తీసుకెళ్ళారు. వాటిలో గోధుమ రంగు ఫ్రేము కళ్ళజోడు ఉండాలి. పంపగలరా? తొందరేమీ లేదు. వచ్చే శుక్రవారం మా తర్వాతి ఆట. అంతలోపు అందితే బాగుంటుంది.

అన్నయ్య గారిని అడిగానని చెప్పండి.

మీ మరిది

*

సెప్టెంబర్ 9

మరిదీ,

నీ ఉత్తరం చదవడానికి కవరు చింపినంత సేపు కూడా పట్టలేదు. ఒక కాలేజీ మాష్టారు ఇంత పొదుపుగా రాస్తే పిల్లలు పరీక్షల్లో ఏం రాస్తారు?

ఇక్కడంతా మామూలే. స్కూలు యూనిఫారాల పని ఇప్పుడిప్పుడే తగ్గింది. కుట్టు మిషన్ల చప్పుడు ఆగితే చెవులు చల్లబడ్డాయి. మీ అన్నయ్య కొట్లో సాయం చేస్తానని కొలతలు తీయడం మొదలుపెట్టారు. ఒక పిల్లాడి నడుము కొలవమంటే పక్కన నిలబడ్డ వాళ్ళ నాన్న నడుము కొలిచారు. ఆ నిక్కరు కుట్టేశాను కూడా. వాడు, వాడి తమ్ముడు ఇద్దరూ కలిసి అందులో దూరి నవ్వుకుంటూ వెళ్ళారు.

అది సరే, కళ్ళజోడు నీకెందుకు? దాని పవర్ నీకు సరిపోదు. చూపు తగ్గిందా? ఆటలు ఓడిపోవడానికి అదేనా కారణం, బంతి కనపడటం లేదా? నిర్లక్ష్యం చేయకు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఒకళ్ళ కళ్ళజోడు ఇంకొకళ్ళు పెట్టుకుంటే తలనొప్పి వస్తుందని మీ అన్నయ్య కూడా అంటున్నారు. ఆయన చెప్పింది వినక్కర్లేదు, నేను చెప్తున్నాను కాబట్టి విను.

చెల్లి చదువుకోవడానికి వాడే నల్ల ఫ్రేముది ఒకటి దొరికింది. పంపుతున్నాను. గోధుమ రంగుది వెతకాలి. పెట్టెలన్నీ అటక మీద ఉన్నాయి.

ఇద్దరికి వండినా పరవాలేదు. సాయంత్రానికి ఉంచుకో. పారేయకు.

వదిన

*

సెప్టెంబర్ 19

వదిన గారికి,

నల్ల ఫ్రేముది అందింది. అది కాదు. గోధుమ రంగుదే కావాలి. నా చూపు బాగానే ఉంది.

శుక్రవారం ఆట కూడా పోయింది. సగం వరకూ ముందున్నాం. తర్వాత అవతలివాళ్ళు వరసగా బుట్టలు వేశారు. నేను బెంచీ దగ్గర నిలబడి చూశాను. పొట్టి ఆట అయ్యాక జిమ్ తలుపు దగ్గర నన్ను ఆపింది.

"సార్, మా మీద కోపమా? ఈ సీజన్లో మీరు ఒక్క టైమ్ అవుట్ కూడా అడగలేదు."

లేదన్నాను. నమ్మినట్టు లేదు. బస్సులో అమ్మాయిలంతా వెనక సీట్లకి సర్దుకున్నారు. శిక్ష వేస్తున్నానని అనుకుంటున్నారట. మా అసిస్టెంట్ చెప్పింది. ఆమె ఒకప్పుడు నా దగ్గర ఆడిన పిల్లే. ఆట మధ్యలో ఆమె కూడా రెండుసార్లు నా వైపు చూసి, "అడగనా సార్?" అంది. వద్దన్నాను.

ప్రిన్సిపాల్‌ని కలిశాను. లీగ్ అయ్యాక కోచ్ పని వదిలేస్తానని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ మూసి, ఇప్పుడు విననని, ఆఖరి ఆట అయ్యాక వచ్చి చెప్పమని అన్నాడు. మంచి మనిషి. అప్పుడూ ఇదే చెప్తాను.

గోధుమ రంగుది దొరికితే పంపండి.

మీ మరిది

*

సెప్టెంబర్ 26

మరిదీ,

ఇది మూడోసారి రాస్తున్న ఉత్తరం. మొదటి రెండూ చింపేశాను.

గోధుమ రంగుది అటక మీద లేదు. నా ముక్కు మీద ఉంది.

తిట్టదలిస్తే ఇక్కడిదాకా చదివి తిట్టు. చెల్లి వస్తువులు తెచ్చుకున్నాక ఒకరోజు ఊరికే పెట్టుకుని చూశాను. అద్దంలో ఒక్క క్షణం దాని ముఖం కనిపించింది. మా ఇద్దరిదీ ఒకే ముక్కు కదా. తీయబుద్ధి కాలేదు. అద్దాల కొట్టుకి తీసుకెళ్ళి నా పవర్ వేయించుకున్నాను. సూదిలో దారం ఎక్కిస్తున్న ప్రతిసారీ అది పక్కన ఉన్నట్టుంటోంది. నువ్వు అడిగినప్పుడు చెప్పలేక అటక కథ అల్లాను. దాని పాత అద్దాలు పారేయలేదు. కొట్టువాడు కాగితంలో చుట్టి ఇస్తే మిషన్ సొరుగులో దాచాను.

నీకు కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా.

ఇంకో మాట. కోచ్ పని వదిలేసి ఏం చేస్తావు? ఈల ఊదే మనిషివి ఇంట్లో కూర్చుని కుక్కరు విజిల్ వింటావా? ఆ కాలేజీవాళ్ళు ఏమైనా అన్నారా? అని ఉంటే చెప్పు, నేనే వచ్చి ఆ ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను. ఒంట్లో బాగాలేకపోతే అది చెప్పు. మా దగ్గరికి వచ్చి ఉంటానంటే పై గది ఖాళీగా ఉంది. కొలతలు తీసే పని నీకిస్తాను. మీ అన్నయ్యకంటే అన్యాయంగా తీయవులే.

ఆ టైమ్ అవుట్ అంటే ఏమిటి? అది అడగకపోతే అంత తప్పా?

వదిన

*

అక్టోబర్ 3

వదిన గారికి,

కోపం లేదు. ఆ ఫ్రేము ఎంచుకోవడానికి తను ఒక సాయంత్రమంతా కొట్లో కూర్చుంది. పెట్టెలో ఉండటం కంటే మీ దగ్గర ఉండటమే నయం. నాకెవరూ ఏమీ అనలేదు. ఒంట్లో బాగానే ఉంది. దేనికి అడిగానో చెప్పలేదు కాబట్టి మీరు ఏదేదో ఊహించుకోవాల్సి వచ్చింది. చెప్తాను.

ఆటలో కోచ్ చేతిలో నిజంగా ఉండేది ఒక్కటే. ఆడేది పిల్లలు. ఈల వేసేది రిఫరీ. ఆటని ఒక్క నిమిషం ఆపమని అడగడం మాత్రం మన పని. దాన్నే టైమ్ అవుట్ అంటారు. రెండు చేతులూ అడ్డంగా నిలువుగా కలిపి చూపిస్తే స్కోరు బల్ల దగ్గర బజర్ మోగుతుంది. పిల్లలు బెంచీ దగ్గరికి వస్తారు. తొందరపడి అడిగితే వృథా. ఆలస్యమైతే ఆట చేయి దాటిపోతుంది. సరైన సమయం ఏదన్నది ఎవరూ నేర్పలేరు.

మోకాలు పాడై, ఆడటం మానేసి, కోచ్‌నైన కొత్తలో నాకది తెలిసేది కాదు. అరిచేవాడిని. నీళ్ళ సీసాలు తన్నేవాడిని. పెళ్ళైన ఏడాది తను మొదటిసారి ఆట చూడటానికి వచ్చింది. మా బెంచీకి సరిగ్గా ఎదురుగా, మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. మావాళ్ళు బంతి మీద బంతి పోగొట్టుకుంటున్నారు. తను చూస్తోందని అరవలేక నోరు మూసుకుని నిలబడ్డాను. తనవైపు చూశాను. తను నన్నే చూస్తూ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఆపండి అన్నట్టు. టైమ్ అవుట్ అడిగాను. పిల్లలు నీళ్ళు తాగారు, కుదుటపడ్డారు. గెలిచాం.

తర్వాత ఆటలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. ఏ ఊళ్ళో ఆట ఉన్నా తను వచ్చేది. ఏ హాలైనా మూడో వరస, చివరి కుర్చీ. కళ్ళజోడు తీస్తే నేను ఆట ఆపేవాడిని. ఉద్యోగమంతా అలాగే గడిచింది. కప్పులు వచ్చినప్పుడు ఆట నాడి పట్టగల కోచ్ అని పేపర్లో రాసేవాళ్ళు. నాడి పట్టింది తను. నేను బల్ల దగ్గర చేతులు చూపించాను, అంతే.

దీని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఓడిన రోజు నేను అన్నం ముందు కూర్చుని ఆటంతా మళ్ళీ ఆడుతున్నానని తనే పెట్టింది. ఆట చెప్పుల స్టాండు దాటి లోపలికి రాకూడదు. బూట్లు విప్పాక దాని గురించి ఒక్క మాట లేదు. ఇద్దరం తప్పలేదు.

ఇప్పుడు అటే చూస్తున్నాను. కుర్చీ ఖాళీగా ఉంటుంది, లేదా ఎవరో కూర్చుంటారు. నేను చూస్తూ ఉండగానే ఆట పోతుంది. ఆ కళ్ళజోడు తెచ్చి ఆ కుర్చీలో పెడదామనుకున్నాను. రాస్తుంటే తెలుస్తోంది ఎంత వెర్రి ఆలోచనో.

మొన్నటి ఆట ఎలాగో గెలిచాం. పొట్టి ఒక్కతే గెలిపించింది. నేను చేసిందేమీ లేదు. ఇంకొక్క ఆట ఉంది. అది ఓడితే జట్టు కింది లీగ్‌కి పడిపోతుంది. అమ్మాయిలు మూడేళ్ళు కష్టపడి పైకి వచ్చారు. వాళ్ళకి ఆట తెలిసిన మనిషి కావాలి. అందుకే వదిలేస్తున్నాను.

ఇది మీ దగ్గరే ఉంచండి.

మీ మరిది

*

అక్టోబర్ 8

మరిదీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత ఏడ్చాను. మళ్ళీ నవ్వొచ్చింది. రెండో మిషన్ మీద కుట్టే అమ్మాయి హడలిపోయి మీ అన్నయ్యని పిలుచుకొచ్చింది.

మీ ఇంటి నియమం మీ ఇంటికే. మా కొట్టుకి లేదు. చెల్లి ఇక్కడికి వచ్చినప్పుడల్లా గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుని ఆట కబుర్లే చెప్పేది. ఇంట్లో చెప్పుకోవడానికి లేదు కదా, ఎక్కడో ఒకచోట కక్కాలి.

ముందు ఒకటి తెలుసుకో. నా చెల్లికి ఆట గురించి ఏమీ తెలియదు. బంతి బుట్టలో పడితే మంచిదని తెలుసు. ఎవరి బుట్టో సరిగ్గా తెలియదు. ఒకసారి అవతలి జట్టు వేస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. పక్కావిడ కొరకొరా చూసిందని చెప్పి పడీ పడీ నవ్వింది.

మరి కళ్ళజోడు ఎందుకు తీసేదో అదే చెప్పింది నాకు. దాని మాటల్లోనే రాస్తున్నాను.

"ఆయన కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోతారక్కా. ఇక నాకు గుండె దడ. ఏదో మునిగిపోతోందని ఆయన్ని చూస్తేనే తెలిసిపోతుంది. చూడలేక కళ్ళజోడు తీసేస్తాను. అంతా మసక మసగ్గా అయిపోతే కాస్త ప్రాణం కుదుటపడుతుంది. మళ్ళీ పెట్టుకునేసరికి ఆట ఆగి ఉంటుంది, పిల్లలు నీళ్ళు తాగుతూ ఉంటారు. ఎప్పుడు ఆపాలో ఆయనకి ఎలా తెలుస్తుందో!"

ఆ చివరి మాట ఎంత గొప్పగా అనేదో నువ్వు వినాల్సింది. లాటరీ తగిలిన మనిషిలా ముఖం పెట్టేది.

అర్థమైందా మాష్టారూ? కళ్ళజోడు తీస్తే దానికి నువ్వే కనపడవు. "నన్నే చూస్తూ" అని రాశావే, అది నిన్నేం చూడలేదు. అది నీకు సైగ చేయలేదు. నువ్వే దానికి చేశావు. నీ చేతులు జేబుల్లోకి వెళ్ళేటప్పటికే నీకు తెలిసిపోయింది. అది భయపడింది, నువ్వు దాన్ని చూసి ఆపావు. అది నిన్ను చూసేది, నువ్వు దాన్ని చూసేవాడివి. ఇంతకీ ఆ బంతిని ఎవరైనా చూశారా?

నీ ప్యాంట్లన్నీ మూట కట్టి పంపు. జేబులు కుట్టేస్తాను. ఇన్నేళ్ళు నా చెల్లి గుండెకి దడ పుట్టించిన జేబులు అవి.

ఆఖరి ఆటకి నేను వస్తున్నాను. ఇదే ఫ్రేము పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంటాను. నువ్వు లేచి నిలబడగానే తీసేస్తాను. ముక్కు అదే, ఫ్రేము అదే, నీకు తేడా తెలియదు. టికెట్ తీసుకోమని మీ అన్నయ్యని పంపించాను. సరైన ఊరికే తీసుకుంటారని ఆశ.

వదిన

*

అక్టోబర్ 12

వదిన గారికి,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

ఆటకి రావద్దు. దయచేసి.

మీ మరిది

*

అక్టోబర్ 16

మరిదిగారికి,

సరే. రావడం లేదు.

చెల్లి ఫ్రేము నా ముఖం మీద చూడలేవని నాకు ముందే తట్టాల్సింది. కోపం లేదని రాశావు కానీ అది మర్యాదకి రాసిన మాట. ఇన్నేళ్ళ చుట్టరికంలో నువ్వు నన్ను రావద్దన్నది ఇదే మొదలు. జేబుల గురించి వేళాకోళం చేయకుండా ఉండాల్సింది. నాకు బాధ వస్తే నోరు ఆగదు. చెల్లికి బాధ వస్తే నోరు పెగిలేది కాదు. ఒకే కడుపున పుట్టాం, ఎందుకిలాగో తెలియదు.

అద్దాల కొట్టుకి వెళ్ళి నా అద్దాలు తీయించి, సొరుగులో ఉన్న దాని అద్దాలు మళ్ళీ బిగించాను. ఇదివరకు ఎలా ఉండేదో అలాగే ఉంది. పార్సిల్‌లో పంపుతున్నాను. కుర్చీలో పెట్టుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. అది వెర్రి అని నేను అనలేదు, నువ్వే అనుకున్నావు.

ఆట గెలవాలని కోరుకుంటున్నాను. నాకు వేరే కళ్ళజోడు ఉందిలే. కాస్త వదులు.

వదిన

*

అక్టోబర్ 24

వదిన గారికి,

మీరు బాధపడతారని తెలిసీ కారణం రాయలేదు. ముందే చెప్తే ఎలాగైనా వచ్చేవారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పరవాలేదు. మీరు కూర్చుంటే మాత్రం నేను ఆట వైపు చూడను, మీ వైపే చూస్తాను. మీరు చెప్పింది నిజమో కాదో తెలుసుకోవడానికి నాకింకో దారి లేదు. ముఖం చూడలేకపోవడం కాదు. ఆ ముఖం కనిపిస్తే నేను తెలుసుకోలేను, అంతే.

పార్సిల్ ఆటకి ముందు రోజే అందింది. విప్పాను. హాలుకి తీసుకెళ్ళలేదు. చెప్పుల స్టాండు మీద పెట్టి, బూట్లు వేసుకుని బయల్దేరాను.

ఇక ఆట.

ఆడింది మెడికల్ కాలేజీతో. మూడు క్వార్టర్లు మాదే పైచేయి. నాలుగోదాంట్లో వాళ్ళు కోర్టంతా కమ్ముకుని ఆడటం మొదలుపెట్టారు. బంతి పొట్టి చేతికి అందగానే ఇద్దరు మీద పడుతున్నారు. ఒకసారి పోయింది. మళ్ళీ పోయింది. మా పొడుగు పిల్లని నిచ్చెన అంటారు, ఆమె చేయి ఊపి ఏదో అరుస్తోంది, చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ఆధిక్యం కరిగిపోయింది.

కుడి చేతి వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. ఇంటి తాళంచెవి.

చేతులు జేబుల్లో ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో తెలియదు. ఎప్పుడు లేచానో కూడా తెలియదు. కుర్చీ వెనక ఉంది, నేను గీత దగ్గర నిలబడి ఉన్నాను. మీరు రాసినట్టు కొయ్యబొమ్మలా.

చేతులు బయటికి తీసి బల్ల వైపు చూపించాను. మా అసిస్టెంట్ "నిజంగానా సార్?" అంది. అవతలివాళ్ళు ఇంకో బుట్ట వేయగానే బజర్ మోగింది. అమ్మాయిలు అక్కడే ఆగిపోయి నా వైపు చూశారు, బజర్ ఎవరిదో అర్థం కానట్టు. తర్వాత పరుగెత్తుకొచ్చారు. పొట్టి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "మేమున్నామని గుర్తొచ్చిందా సార్?" అంది. మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఏడు వాళ్ళు నా నవ్వు చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

నీళ్ళు తాగమన్నాను. తర్వాత ఒక్కటే చెప్పాను. "బంతి పొట్టికి వేయకండి. నిచ్చెన కోర్టు మధ్యకి వస్తుంది, దానికి వేయండి. పొట్టీ, నువ్వు వెనక్కి చూడకుండా పరిగెత్తు." నిచ్చెన, "అదే కదా ఇందాకటి నుంచీ అరుస్తున్నాను" అంది.

తర్వాత ఇంకోసారి కూడా అడిగాను. ఈసారి తాళంచెవి తగలకముందే.

గెలిచాం. రెండు పాయింట్లు. పై లీగ్‌లోనే ఉంటాం.

అందరూ కోర్టులోకి దిగాక మూడో వరస వైపు చూశాను. చివరి కుర్చీలో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో తెలియదు. ఆట సాగినంతసేపూ నేనటు చూడలేదు.

ప్రిన్సిపాల్ వచ్చి చేయి కలిపాడు. ఆఖరి ఆట అయ్యాక ఏదో చెప్తానన్నారు కదా అన్నాడు. రెండు బుట్టలకీ వలలు చిరిగిపోయాయి, మార్పించండి అన్నాను. ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకుని, అలాగే అన్నాడు.

ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే స్టాండు దగ్గర కూర్చున్నాను. కళ్ళజోడు అక్కడే ఉంది. మొదటి క్వార్టర్ నుంచి ఆటంతా చెప్పాను. పైకే చెప్పాను. నియమం తప్పినట్టు కాదు, స్టాండు దాటలేదు. తర్వాత బూట్లు విప్పి, లోపలికి వెళ్ళి తిని పడుకున్నాను. బాగా నిద్రపట్టింది.

కళ్ళజోడు ఈ ఉత్తరంతో పాటే వెనక్కి పంపుతున్నాను. మీ అద్దాలు బిగించుకోండి. వదులు ఫ్రేముతో మిషన్ మీద పని చేయకండి. తన పాత అద్దాలు మాత్రం నేను ఉంచుకున్నాను. కాగితంలోనే ఉన్నాయి.

వచ్చే సీజన్లో మొదటి ఆట మా హాల్లోనే. అన్నయ్య గారినీ తీసుకుని రండి. ఎక్కడైనా కూర్చోండి. భయం వేస్తే తీసేయండి.

ప్యాంట్లు పంపడం లేదు. జేబులతో పనుంది.

మీ మరిది